ముక్కుదారిన మెదడుకి

నేనేం ఉద్యోగం చేస్తానని ఎవరైనా అడిగితే, మా ఆయన నాకంటే ముందే జవాబు చెప్పేస్తాడు. "ఎలుకల ముక్కులో చుక్కలు వేస్తుందండీ" అని. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటులో ఉన్న తెలుగువాళ్ళందరూ సాఫ్ట్‌వేరే. ఆ మాట చెవిన పడగానే లిఫ్టులో ఉన్నవాళ్ళు నా మొహం చూసి, తర్వాత నా చేతులు చూసి, నెమ్మదిగా గోడవైపు జరుగుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. చుక్కలు వేసే మాట నిజమే. ఆ చుక్కలో ఏముందో కూడా చెప్పొద్దూ!

పెప్టైడ్ అని ఒక రకం మందు. ప్రొటీనులోంచి తుంచిన చిన్న ముక్క అనుకోండి. మేము పనిచేసే పెప్టైడుకు మెదడులో చచ్చిపోతున్న కణాలను కాపాడే గుణం ఉందని గాజు గిన్నెల్లో తేలింది. గాజు గిన్నెల్లో ఏదైనా తేలుతుంది, అది వేరే సంగతి. మింగిస్తే కడుపు దాన్ని పప్పన్నంతో పాటు అరిగించేస్తుంది. సూదితో రక్తంలోకి ఎక్కిస్తే కాసేపటికే తునకలైపోతుంది. తునకలు కాకుండా మిగిలినదాన్ని మెదడు లోపలికి రానివ్వదు. మెదడులోకి పోయే రక్తనాళాల గోడ మా అపార్ట్‌మెంటు సెక్యూరిటీ మనిషి లాంటిది. ఫోన్‌లో యాప్ ఒప్పుకుంటే తప్ప పార్సిల్ తెచ్చిన అబ్బాయిని వదలడు. పైనుంచి ఇంటావిడ బాల్కనీలో నిలబడి "అది మాదేనయ్యా బాబూ" అని అరిచినా సరే, వదలడు.

అందుకని మా ల్యాబులో ఆ పెప్టైడును కంటికి ఆననంత చిన్న కొవ్వు ఉండల్లో దాచి, మెయిన్ గేటు జోలికి పోకుండా వెనక గేటులోంచి పంపాలని చూస్తున్నాం. ఆ వెనక గేటే ముక్కు. ముక్కు పైభాగాన వాసన పట్టే నరాలున్నాయి, అవి తిన్నగా మెదడుకే పోతాయి. ఆ ఉండలను నానోపార్టికల్స్ అంటారు. లోపల ఉన్న పెప్టైడుకు ఒక రంగు అంటిస్తాం. నీలి వెలుతురు పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎలుక ముక్కులో చుక్క వేసి, కొంతసేపు ఆగి, దాన్ని నొప్పి తెలియకుండా నిద్రపుచ్చి, మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆకుపచ్చ కనపడాలి. కనపడిందా, మందు చేరినట్టు.

కనపడితే కదా! నేను ఆ ల్యాబులో చేరిన దగ్గర్నుంచీ నా మైక్రోస్కోపులో కనిపించింది చీకటే. ఉండలు ముద్దకట్టేవి. ముద్ద కట్టకపోతే ఎలుక తుమ్మేది. అది తుమ్మకపోతే నేను తుమ్మేదాన్ని. "ఏవమ్మా, ఇవాళైనా?" అని మా సారు రోజూ తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు. గుంటూరు మనిషి, కోపం, కారం రెండూ ఎక్కువే. నేను తల అడ్డంగా ఊపితే "అబ్బే" అని వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క "అబ్బే"కు నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ దసరా ముందు సంగతి ఇంకా ముదిరింది. పండగ అయ్యాక డబ్బు పెట్టిన పెద్దలు వచ్చి చూస్తారనీ, మెదడులో ఒక్క ఆకుపచ్చ చుక్కయినా చూపించకపోతే మా ప్రాజెక్టు కట్టేస్తారనీ సారు చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా ఆయన సానుభూతి చూపించాలి కదా? చూపించలేదు. "మంచిదే. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఖాళీ ఉంది. నువ్వు కోర్సు చెయ్యి, నేను రిఫర్ చేస్తా. ఎలుకలు మౌస్ రూపంలో అక్కడా ఉంటాయి" అన్నాడు. తన జోకుకు తనే నవ్వాడు.

నాకు పౌరుషం వచ్చింది. "పండగ తర్వాత ఈ ప్రాజెక్టు నిలబడకపోతే నీ కోర్సులో చేరతాను. నిలబడితే జన్మలో ఆ టెస్టింగు మాట ఎత్తకూడదు" అన్నాను. "డన్" అన్నాడు. అన్నాక బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. నాకు ఆ పనంటే ప్రాణం. ముద్దకట్టినా, తుమ్మినా, చీకటైనా సరే, పొద్దున్నే ఆ మైక్రోస్కోపు గదిలో లైటు ఆర్పి కూర్చున్నప్పుడు నాకు కలిగే ఆశ ఇంకెక్కడా కలగదు. అది పోతే నేనేమైపోతానోనని భయమేసింది.

మా ఎలుకల గదికి ఒక పెద్దాయన కాపలా. ఎలుకలన్న అంటాం. వాళ్ళ తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చేశారు. ఆయన తెలుగు సగం సీమ, సగం కన్నడ. సారుతో పొదుపుగా మాట్లాడతాడు, ఎలుకలతో మాత్రం ధారాళంగా మాట్లాడతాడు. "ఏం నాయనా, నిన్న మేత తినలేదంట? ఏమప్పా బాధ నీకు?" అని ఒక్కో పంజరం దగ్గరా ఆగి పలకరిస్తాడు. ఈ ప్రాజెక్టు సంగతి సారు తర్వాత అంతగా పట్టించుకున్నది ఆయనే. నేను కనిపిస్తే చాలు, "పోయెనామ్మా మెదడుకి?" అనేవాడు. "పోలేదన్నా." "పోతాది లేమ్మా. యాడికి పోతాది పోకుండా!" ఈ మాట అర్థం నాకు ఇప్పటికీ తెలియదుగానీ, విన్నప్పుడల్లా ధైర్యంగా ఉండేది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. బెంగళూరులో ఆయుధ పూజ అంటే మాటలు కాదు. బస్సుకు అరటి పిలకలు కడతారు, ఆటోకు బంతిపూల దండలు వేస్తారు, రోడ్డంతా పగిలిన బూడిద గుమ్మడికాయలే. స్కూటీ మీద పోయేవాళ్ళు ఆ ముక్కల మీద జారి పడకుండా ఇల్లు చేరితే అదే అమ్మవారి దయ. మా ల్యాబులోనూ చేస్తాం. ఎంత చదువుకున్నవాళ్ళమైనా, దండం పెట్టకుండా సెంట్రిఫ్యూజ్ మెషీను తిప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

కాకపోతే మేము సైంటిస్టులం కదా, జాగ్రత్త పడతాం. పొడి అన్నది మెషీన్ల గదిలోకి రాకూడదని సారు రూలు పెట్టాడు. పసుపు, కుంకుమ, విభూతి, అక్షింతలు అన్నీ గుమ్మం బయటే. మెషీన్లకు నా హ్యాండ్‌బ్యాగులోంచి స్టిక్కర్ బొట్లు తీసి పెట్టాం. మైక్రోస్కోపుకు మెరూన్ రంగుది, పెద్దది పెట్టాను. ఫ్రీజరుకు చిన్నది. నాకు మిగలలేదు. సారు గుమ్మడికాయను పార్కింగులోనే కొట్టాడు. "చూశారా, భక్తికి భక్తి, శుభ్రతకు శుభ్రత" అని అందరి వంకా గర్వంగా చూశాడు. తర్వాత తలా గుప్పెడు బొరుగులూ వేయించిన శనగపప్పూ తిని ఇళ్ళకు పోయాం.

పండగ సెలవు అవగానే ఎలుకలకు చుక్కలు వేశాను. కొన్నిటికి మందు ఉండలు, పోలికకు కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్ళు, ఇంకొన్నిటికి అసలేమీ లేదు. ఒకటి రెండు ఎలుకల ముక్కు దగ్గర ఎర్రగా కనిపించింది. తెల్ల ఎలుకలకు టెన్షన్ వస్తే కళ్ళ దగ్గరా ముక్కు దగ్గరా ఎర్రటి నీరు కారుతుంది. చూసేవాళ్ళు రక్తమనుకుంటారు, కాదు. పండగ డప్పులకు బెదిరుంటాయని ఎలుకలన్న మీద విసుక్కున్నాను. "ఆ కిటికీ సరిగ్గా మూశావా అన్నా?" అన్నాను. "మూసినానమ్మా. బాగుండాయి, ఏం కాలేదు" అన్నాడు. బొచ్చు కూడా కాస్త పసుపుగా ఉంది. మగ ఎలుకలకు వయసొస్తే బొచ్చు అలాగే మారుతుంది. పట్టించుకోలేదు.

మర్నాడు పొరలు కోసి మైక్రోస్కోపు గదిలో లైటు ఆర్పాను. "ముందు మందు పడ్డవే చూపించవమ్మా, మిగతావి తర్వాత" అని సారు నా వెనకే నిలబడ్డాడు. నీలి వెలుతురు వేశాను.

అమ్మ బాబోయ్! ఆకుపచ్చ! ఏదో మూలన ఒక చుక్క కాదు, ఆ కొస నుంచి ఈ కొస దాకా! నా గొంతులోంచి ఏదో కేక వచ్చింది. సారు నన్ను పక్కకు జరిపి చూశాడు. "ఓరి నాయనో" అన్నాడు. అంత కోపిష్టి మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఆపలేదు.

ఆ ఫోటోను సారు తన ఫోనుకు వాల్‌పేపరుగా పెట్టుకున్నాడు. రావలసిన పెద్దలకు పంపేశాడు కూడా. నేను మైసూర్ పాక్ కొనుక్కుని ఇంటికి పోయాను. లిఫ్టులో అందరికీ పంచాను. ఎవరూ గోడవైపు జరగలేదు. మా ఆయన ముక్క నోట్లో వేసుకుని "సరే, టెస్టింగు మాట ఎత్తను" అన్నాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాను. చెప్పాడు. ఫోనులో రికార్డు చేసుకున్నాను.

అక్కడితో ఆగినా పోయేది. కానీ ఉప్పునీళ్ళ ఎలుకల పొరలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అవి చీకటిగా ఉన్నాయని రాసుకుంటే తప్ప పని పూర్తికాదు. ఏదో మొక్కుబడిగా, చాయ్ తాగి, పాట కూనిరాగం తీసుకుంటూ వెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆకుపచ్చ.

డబ్బా తప్పు తీశాననుకుని ఇంకొకటి తీశాను. అదీ ఆకుపచ్చే. మందు పడ్డ ఎలుక మెదడు కన్నా ఉప్పునీళ్ళ ఎలుక మెదడు ఇంకాస్త బాగా వెలుగుతోంది. చివరికి అసలేమీ వేయని ఎలుక పొర పెట్టాను. అది ఏకంగా దీపావళి చేసుకుంటోంది.

రంగు సీసా ఒలికిందా? ఉప్పునీళ్ళలో ఎవరైనా కలిపారా? ఎవరి మీద అరవాలో తెలియక కుర్చీని తన్నాను. కాలి బొటనవేలు వాచింది. కుంటుకుంటూ ఎలుకల గదికి పోయాను. గౌను, టోపీ, మాస్కు, గ్లోవ్స్ వేసుకుని లోపలికి వెళ్తే ఎలుకలన్న ఒక పంజరంలో మేత వేస్తూ దాన్ని బుజ్జగిస్తున్నాడు.

"అన్నా, ఈ ఎలుకలకు ఎవరైనా ఏమైనా పెట్టారా?"

"ఎవురు పెడతారమ్మా? మేత నేనే పెడతా, నీళ్ళు నేనే పెడతా. పండగ దినం బొట్టు పెట్టినా. అంతే."

"ఏం పెట్టావూ?"

"బొట్టమ్మా. వాహన పూజ కదా." నాకు అర్థం కాలేదనుకుని ఓపిగ్గా విడమరిచాడు. "సారు కారుకు చేసిరి. నువ్వు నీ స్కూటీకి చేస్తివి. ఊర్లో ఉండే లారీలకీ ఆటోలకీ అన్నిటికీ చేస్తిరి. మరి వినాయకుడి బండి ఏదమ్మా? ఇది కాదా? అందరి బండ్లకీ చేసి దేవుడి బండిని ఒదిలేసేదా?"

"దేనితో పెట్టావన్నా?"

"దేంతో పెడతారు? నుదురంతా పసుపు పూసి, మధ్యలో కుంకం. ముద్దుగా ఉండ్రి ఒక్కొక్కరూ! ఫోటో తీద్దామంటే లోపలికి ఫోను తేకూడదు కదా."

"అన్నిటికీ పెట్టావా?"

"ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకుంటే ఎట్లమ్మా, తప్పు కదా. అన్నిటికీ సమానంగా పెట్టినా." ఆయనకు అప్పుడు నా మొహం చూసి ఏదో అనుమానం వచ్చింది. "గ్లోవ్స్ ఏసుకునే పెట్టినానమ్మా. రూల్ ప్రకారం."

పసుపు నీలి వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ రంగంలో ఉన్నవాళ్ళకు తెలిసిన సంగతే. ఆ ఎలుకలు ఒకదాని నుదురు ఒకటి నాకి, పసుపును ముక్కులకూ చెవులకూ పట్టించుకున్నాయి. నేను మెదడు తీసేటప్పుడు ఆ బొచ్చు మీది పసుపును నా కత్తెరే లోపలిదాకా మోసుకుపోయింది. నేను ఎర్రనీరు అనుకున్నది కుంకుమ. డప్పులకు బెదిరినట్టు నేను జాలిపడ్డ ఎలుకలు ముత్తయిదువుల్లా హాయిగా తిరుగుతున్నాయన్నమాట.

నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. టెస్టింగు కోర్సు కనిపించింది. ఎలుకలన్నకు విషయం చెప్పాను. ఆయన చేతిలోని మేత అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "అయితే పోలేదా మెదడుకి?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "మంచి జరగాలనే పెట్టినానమ్మా" అన్నాడు చాలా చిన్నగా. ఆయన్ను తిట్టాలని వెళ్ళినదాన్ని, "తెలుసన్నా" అని బయటికొచ్చేశాను.

సారుకు చెప్తే మొదట "పసుపా?" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "పసుపా?" అన్నాడు. మూడోసారి అనకుండా లేచి, గుమ్మం బయట ఇంకా ఉన్న పూజ పళ్ళెంలోంచి చిటికెడు తీసి, గాజు పలక మీద పెట్టి, తన రూలును తనే తుంగలో తొక్కి మైక్రోస్కోపు గదిలోకి తీసుకుపోయాడు. నేను పక్కనే నిలబడ్డాను. "మన మందుకన్నా ఎంత బాగా మెరుస్తోందో చూడు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆ మర్నాడే పెద్దలు వస్తున్నారు.

వచ్చారు. వాళ్ళలో తెల్ల జుట్టు పెద్దావిడ ఒకామె. మైసూరు మనిషి, పెద్ద సైంటిస్టు. నవ్వడం ఆమెకు అలవాటు లేదని ముందే విన్నాం. తెర మీద ఆకుపచ్చ ఫోటో వేయగానే అందరూ ఆహా అన్నారు. సారు గొంతు సవరించుకుని నా వైపు చూశాడు. నేను లేచి రెండో ఫోటో వేశాను. "ఇది ఉప్పునీళ్ళు వేసిన ఎలుక. దీనికి కారణం మందు కాదండీ, పసుపు" అని మొదలుపెట్టి, వాహన పూజ దగ్గర్నుంచి గ్లోవ్స్ దాకా ఏడుపు గొంతుతో మొత్తం చెప్పేశాను.

పెద్దావిడ ఇంగ్లీషులో, ఏమాత్రం నవ్వకుండా అడిగింది: "మూషికానికి పూజ చేశారా?"

"చేశారండీ."

ఆమె భుజాలు మెల్లగా కదిలాయి. జబ్బు చేసిందేమోనని నేను కంగారుపడ్డాను. నవ్వు! ఆగకుండా నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. కుర్రతనంలో తమ ల్యాబులో కొత్త మెషీనుకు చక్రాలుంటే, వాటి కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు తోశారట. రసం చిమ్మి వైర్లలోకి పోయి, మెషీను మళ్ళీ లేవలేదట. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట. మిగతా వాళ్ళు కూడా తలా ఒక గుమ్మడికాయ కథ తీశారు. చివరికి పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో, "మీరు ఇప్పటిదాకా నాకు చూపించింది ఏమీ లేదు. వేసవి దాకా చూస్తాను. అప్పుడు ముందు ఉప్పునీళ్ళ ఫోటో వెయ్యి. అది చీకటిగా లేకపోతే రెండోది వెయ్యనే వద్దు" అంది.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్తే సోఫా మీదినుంచి కిందికి జారి మరీ నవ్వాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆయన నవ్వు ఆపి నా పక్కన కూర్చున్నాడు. "పసుపైనా పోయింది కదే మెదడులోకి" అన్నాడు ఓదార్పుగా. "అది కూడా పోలేదు, కత్తెరకు అంటుకుంది అంతే" అని ఇంకా గట్టిగా ఏడ్చాను. కోర్సు మాట వేసవి దాకా వాయిదా పడింది.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఎలుకలన్న వాటి గదిలోకి పోయేముందు తన నుదుటి బొట్టు కూడా కడుక్కునేవాడు. నేను ఉండలను మళ్ళీ మొదటినుంచి చేశాను. ఈసారి ముద్దకట్టకుండా చక్కెర కలిపి ఎండబెట్టి, వేసేముందు నీళ్ళలో కలిపాను. ఎలుకలు తుమ్మాయి, నేను తిట్టాను, మళ్ళీ వేశాను. ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే లైటు ఆర్పి, ముందు ఉప్పునీళ్ళ పొర పెట్టాను. చీకటి. అంత అందమైన చీకటిని నేనెన్నడూ చూడలేదు. తర్వాత ఏమీ వేయనిది. చీకటే. మూడోదానికి చేయి ముందుకు పోలేదు. సారును పిలవకుండా, ఊపిరి బిగబట్టి పెట్టాను.

మెదడు ముందు కొసన, వాసన నరాలు వచ్చి చేరే చోట, ఆకుపచ్చ నలుసులు. కొంచెమే. దీపావళి కాదు, పండగ అయ్యాక వాకిట్లో మిగిలిన నిప్పురవ్వలంత. కానీ ఉన్నాయి. ఇంకాస్త లోపల కూడా ఒకటీ అరా ఉన్నాయి. తలుపు తీసేసరికి బయట సారు లేడు. ఎలుకలన్న ఉన్నాడు, చేతులు కట్టుకుని. ఈసారి ఏమీ అడగలేదు, అడిగే ధైర్యం లేక. "పోయిందన్నా" అన్నాను. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి, "చెప్పినా కదమ్మా, యాడికి పోతాది పోకుండా" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. పెద్దావిడకు చూపిస్తే తల ఊపింది, ప్రాజెక్టు నిలబడింది. మా ఆయన తన రికార్డింగు మళ్ళీ విన్నాడు, నేనే వినిపించాను.

మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. ఎలుకల గది తలుపు మీద "లోపల పూజలు నిషేధం" అని సారు మూడు భాషల్లో అతికించాడు. పార్కింగులో గుమ్మడికాయ పగిలింది. ఎలుకలన్న పళ్ళెం పట్టుకుని సారు కారుకు బొట్టు పెట్టాడు, నా స్కూటీకి పెట్టాడు, పళ్ళెంతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వాటికి పెట్టొద్దంటిరి. సరే, పెట్టను" అన్నాడు. "అయినా ఆ మందు మోసుకుపోయిన బండి ఎలుక కాదులేమ్మా. నువ్వే." నేను నోరు తెరిచేలోగా నా నుదురంతా పసుపు పూసి, మధ్యలో కుంకుమ పెట్టాడు. గ్లోవ్స్ వేసుకోలేదు.

మెట్ల మీదినుంచి సారు కేకేశాడు. "ఆవిణ్ణి మొహం కడుక్కునేదాకా మైక్రోస్కోపు గదిలోకి రానివ్వకండి!"

ఆ రోజంతా స్కూటీ మీద కూర్చుని బొరుగులు తిన్నాను. మొహం కడుక్కోబుద్ధి కాలేదు.